బొబ్బిలి కోటను మళ్లీ కడితే ఎలా ఉండాలి? థీమ్ పార్కుల్లో మమకారానికీ చరిత్రకూ ఉన్న పేచీ

బొబ్బిలిలో 1757 నాటి యుద్ధానికి గుర్తుగా ఒక స్తంభం ఉంది. 1891లో అప్పటి బొబ్బిలి మహారాజా పెట్టించింది. దాన్ని చూశాక కొత్తవాళ్లకు వచ్చే మొదటి సందేహం, మరి కోటేదీ అని. ఊళ్లో కోట ఉంది గానీ అది తర్వాతి తరాలు కట్టుకున్నది. యుద్ధం జరిగిన కోట ఆ ఏడాది జనవరి 24నే తగలబడిపోయింది.

లేని కోటను మళ్లీ కడితే? భోగాపురంలో విమానాశ్రయం పనులు మొదలయ్యాక ఈ వైపు పర్యాటకం మీద ఆశలు పెరిగాయి. ఫిరంగుల మోత, లైట్ షో, తాండ్ర పాపారాయుడి వేషంతో ఒక థీమ్ పార్కు అనేది కనీసం కబుర్లలోనైనా రాగల మాటే. ప్రస్తుతానికది ఊహ మాత్రమే. ఆ ఊహనే ఇక్కడ లెక్క చేసి చూద్దాం. ఇలాంటివి కట్టిన దేశాల్లో ఒక ప్రశ్న పదే పదే వచ్చింది: జనానికి నచ్చినట్టు కట్టాలా, జరిగింది జరిగినట్టు కట్టాలా? ఈ ప్రశ్న వేసిన తీరులోనే కొంత గందరగోళం ఉందని నా అభిప్రాయం. రెండిట్లో ఏది ఎంచుకున్నా, ముందు ఏ ఏడాదిని చూపించాలో, ఎవరి జ్ఞాపకాన్ని చూపించాలో తేల్చుకోవాలి. తేల్చుకున్న సంగతి టికెట్ కొన్నవాళ్లకు చెప్పాలి. గొడవలన్నీ ఎక్కువగా ఈ రెండో పని చేయని చోటే పుట్టాయి.

చూడ్డానికి ఒకటే, ఇచ్చే మాట వేరు

థీమ్ పార్కు అంటే ఒక కథ చుట్టూ అల్లిన వినోద పార్కు. గోడల రంగు, వినిపించే పాట, సిబ్బంది బట్టలు, చివరికి చెత్తడబ్బా ఆకారం కూడా ఆ కథలో ఇమడాలి. వచ్చినవాళ్లకు ఆ పార్కు ఇస్తానన్నది అనుభూతి, పాఠం కాదు.

ఆరుబయలు మ్యూజియం కూడా పైకి అలాగే కనిపిస్తుంది. 1891లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఆర్తర్ హజేలియస్ స్కాన్సెన్ అనే చోటు తెరిచాడు. దేశంలోని పాత ఇళ్లను విప్పి తెచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టారు. మనకు దగ్గర్లో అలాంటిది చెన్నై శివారు ముట్టుకాడులో 1996లో మొదలైన దక్షిణచిత్ర. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ల మధ్య కోస్తా ఆంధ్ర గుండ్రటి మట్టి ఇల్లు కూడా అక్కడ కనిపిస్తుంది. ఇక్కడ ఇచ్చే మాట వేరు: ఇల్లు నిజంగా ఇలాగే ఉండేది, చోటు మాత్రం మారింది.

మూడోది పునర్నిర్మాణం. నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోయే ముందు నాగార్జునకొండ లోయలో తవ్వి తీసిన బౌద్ధ కట్టడాల్లో కొన్నిటిని తరలించి కొండ మీదా, అనుపు దగ్గరా తిరిగి పేర్చారు. కొన్నిటికి చిన్న నమూనాలు చేశారు. ఏది తరలించింది, ఏది నమూనా అన్నది చెబితే చూసేవాడు మోసపోడు.

ఇలాంటి పనులకు అంతర్జాతీయంగా 1964లో వెనిస్ చార్టర్ పేరుతో ఒక కట్టుబాటు రాసుకున్నారు. అందులో రెండు మాటలు మన విషయానికి ముఖ్యం. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలి. కొత్తగా చేర్చిన భాగం పాతదానితో కలిసిపోయినా, కొత్తదని గుర్తుపట్టేలా ఉండాలి. ఇది ప్రధానంగా యూరప్ రాతి కట్టడాలను మనసులో పెట్టుకుని రాసిన పద్ధతి. జపాన్‌లో ఇసే ఆలయాన్ని ఇరవై ఏళ్లకోసారి కొత్త చెక్కతో కడతారు. అది నకిలీ అంటే వాళ్లు ఒప్పుకోరు. 1994లో జపాన్‌లోని నారాలో జరిగిన సమావేశం, ఏది అసలైనదో ఒక్కో సంస్కృతి ఒక్కోలా తేలుస్తుందని అంగీకరించింది. మనకూ జీర్ణోద్ధరణ ఉంది కదా. అరసవల్లిలో దండం పెట్టుకునేవాళ్లు ఏ రాయి ఏ శతాబ్దానిదని ఆరా తీయరు.

మెయిన్ స్ట్రీట్: లేని వీధికి వచ్చిన జ్ఞాపకాలు

నోస్టాల్జియా అంటే పాత రోజుల మీద మమకారం. దాన్ని ఇటుకల్లోకి దించిన చోటు కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్. 1955 జులై 17న తెరిచిన ఆ పార్కు గేటు దాటగానే మెయిన్ స్ట్రీట్ వస్తుంది. 1900 ప్రాంతపు అమెరికా చిన్న పట్నం వీధి అది. వాల్ట్ డిస్నీ చిన్నతనంలో కొన్నేళ్లు ఉన్న మార్సెలీన్ అనే ఊరు, డిజైనర్ హార్పర్ గాఫ్ పుట్టిపెరిగిన ఫోర్ట్ కాలిన్స్, ఈ రెండిటి పోలికలు అందులో ఉన్నాయి. అచ్చంగా ఆ రెండు ఊళ్లలో ఏదీ కాదు.

కట్టిన తీరులోనే కిటుకు ఉంది. పై అంతస్తులకు వెళ్లేకొద్దీ కొలతలు తగ్గిస్తూ పోయారు. అందువల్ల మేడలు ఉన్నదానికన్నా ఎత్తుగా కనిపిస్తాయి, వీధి మాత్రం పిల్లల బొమ్మల ఊరంత ఆప్యాయంగా అనిపిస్తుంది. పెద్దయ్యాక చిన్నప్పటి ఊరికెళితే అన్నీ చిన్నవైపోయినట్టు ఉంటాయి. ఈ వీధి ఆ నిరాశను ముందే లెక్కలోకి తీసుకుంది. అదే కాలపు అసలు వీధుల్లో ఉండే గుర్రపు పేడ, బురద, తాగుబోతులు, నల్లవాళ్లకు ప్రవేశం లేని దుకాణాలు ఇక్కడ లేవు.

డిజైనర్ల వాదన సూటిగా ఉంటుంది. మేం మ్యూజియం అనలేదు, కల అన్నాం, కలలో బురద ఎందుకు అంటారు. విమర్శకుల జవాబూ తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. 1955లో వచ్చిన యాభై ఏళ్ల మనిషికి అది చిన్నతనం గుర్తుచేసిన వీధి. ఇప్పుడు వచ్చే పిల్లవాడికి గుర్తుచేయడానికి ఏమీ లేదు, ఆ వీధే అతనికి 1900 సంవత్సరం. మొదటి తరంలో జ్ఞాపకంగా పనిచేసిన వస్తువు మూడో తరంలో ఆధారంగా పనిచేస్తుంది. పార్కు ఏమీ మార్చకపోయినా చూసేవాళ్లు మారిపోయారు.

ఏ ఏడాదిని నిలబెట్టాలి?

కచ్చితంగానే కడతాం అనుకున్నా చిక్కు తీరదు. దీనికి విజయనగరం మంచి ఉదాహరణ.

పార్కులో 'పాత విజయనగరం వీధి' ఒకటి కడుతున్నారనుకుందాం. ఏమేం ఉండాలని ఊళ్లో ఎవర్నడిగినా జాబితా దాదాపు ఒకటే వస్తుంది: కోట, గంటస్తంభం, గురజాడ అప్పారావు, సంగీత కళాశాల, ఆదిభట్ల నారాయణదాసు హరికథ, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్. ఇప్పుడు తేదీలు వేసి చూడండి. కోట 1713 నాటిది. గంటస్తంభం 1885లో వచ్చింది. కన్యాశుల్కం మొదటిసారి ఆడింది 1892లో. గురజాడ 1915లో కన్నుమూశారు. సంగీత కళాశాల మొదలైంది 1919లో, నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా. అంటే గురజాడ వేషధారి నడుచుకుంటూ సంగీత కళాశాల ముందు ఆగి వయొలిన్ విన్నాడంటే, పోయిన నాలుగేళ్లకు లేచి వచ్చి విన్నట్టు. మన మనసులో అందరూ ఒకే సాయంత్రం ఒకే వీధిలో ఉన్నారు గానీ అలాంటి సాయంత్రం ఒక్కటి కూడా లేదు.

ఇది అంత పెద్ద తప్పా? వీధి పేరు 'మన విజయనగరం' అయితే నాకేమీ అభ్యంతరం కనిపించదు. 'విజయనగరం, 1892' అని బోర్డు పెడితే మాత్రం కళాశాలను తీసేయాల్సిందే.

తీసేయడం కూడా అమాయకమైన పనేం కాదు. అమెరికాలోని వర్జీనియాలో కలోనియల్ విలియమ్స్‌బర్గ్ అనే ఊరు ఉంది. 1926లో గుడ్విన్ అనే మతాచార్యుడి ప్రోద్బలంతో, జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ డబ్బుతో ఊరిని పద్దెనిమిదో శతాబ్దపు రూపానికి తెచ్చే పని మొదలైంది. అప్పటి అసలు కట్టడాలు 88 మిగిలాయి. 1781లో కాలిపోయిన గవర్నర్ భవనాన్ని పాత పునాదుల మీద, థామస్ జెఫర్సన్ గీసిన ప్లాను, ఆక్స్‌ఫర్డ్‌లో దొరికిన ఒక రాగి రేకు మీది బొమ్మ ఆధారంగా మళ్లీ కట్టారు. మన బొబ్బిలి కోటకు ఈ పాటి ఆధారాలు దొరికితే అదృష్టమే.

అదే శ్రద్ధ ఇంకో పని కూడా చేసింది. ఎంచుకున్న కాలానికి తర్వాత వచ్చినవన్నీ వందల్లో కూల్చేశారు. వాటిలో ఒకటి నల్లజాతి వాళ్ల ఫస్ట్ బాప్టిస్ట్ చర్చి. 1776లో పుట్టిన సమాజం అది. పంతొమ్మిదో శతాబ్దంలో కట్టుకున్న చర్చి భవనాన్ని 1950ల్లో కొని పడగొట్టారు, ఆ చోటు తర్వాత కార్ పార్కింగ్ అయింది. 2020లో అక్కడ తవ్వకాలు మొదలుపెడితే అంతకుముందటి కట్టడం పునాదులు, సమాధులు బయటపడ్డాయి. అంటే వాళ్లు వెతుకుతున్న పాత చరిత్ర, కాలం సరిపోలేదని పడగొట్టిన గోడల కిందే ఉంది.

వర్జీనియా, 1994: ఒకే శరదృతువులో రెండు సంఘటనలు

1993 నవంబర్‌లో డిస్నీ సంస్థ వర్జీనియాలోని హేమార్కెట్ దగ్గర 'డిస్నీస్ అమెరికా' అనే పార్కు ప్రకటించింది. అంతర్యుద్ధం, వలసలు, ఫ్యాక్టరీ పట్నం, బానిసత్వం అన్నీ చూపిస్తామన్నారు. దగ్గర్లోనే అంతర్యుద్ధంలో రెండు పెద్ద పోరాటాలు జరిగిన మనాసస్ నేల ఉంది. డేవిడ్ మెకల్లా, జేమ్స్ మెక్‌ఫెర్సన్ లాంటి పేరున్న చరిత్రకారులు అడ్డం తిరిగారు. రాష్ట్ర ప్రభుత్వం మాత్రం ఉద్యోగాలు వస్తాయని వెనకేసుకొచ్చింది. ట్రాఫిక్ భయంతో స్థానికుల్లో కొందరు చరిత్రకారులతో కలిశారు. 1994 సెప్టెంబర్ చివర్లో డిస్నీ వెనక్కి తగ్గింది.

రెండు వారాలు తిరక్కుండానే, అక్టోబర్ 10న, అదే రాష్ట్రంలో విలియమ్స్‌బర్గ్ వాళ్లు బానిసల వేలాన్ని వీధిలో నటించి చూపించారు. దాన్ని నడిపింది అక్కడి ఆఫ్రికన్ అమెరికన్ విభాగం వాళ్లే. పౌరహక్కుల సంఘాల వాళ్లు నిరసనకు వచ్చారు. మా పూర్వీకుల కన్నీళ్లను వినోదం చేస్తున్నారన్నది వాళ్ల బాధ. ప్రదర్శన చూశాక నిరసనకు వచ్చిన నాయకుల్లో ఒకరు తన అభిప్రాయం మార్చుకున్నానన్నారు. అయినా ఆ వేలాన్ని అక్కడ మళ్లీ వేయలేదు.

ఈ రెంటినీ పక్కపక్కన పెడితే ఒక సంగతి తెలుస్తుంది. తీపి చరిత్ర మాత్రమే చూపిస్తే అబద్ధం అంటారు. చేదు చరిత్ర చూపిస్తే, టికెట్ పెట్టి చూపించే హక్కు నీకెవరిచ్చారంటారు. రెండు అభ్యంతరాలూ న్యాయమైనవే. తేడా అల్లా ఎవరు చెబుతున్నారు, ఎంత పరిశోధన ఉంది, ఆ కథ ఎవరిదో వాళ్లు ఆ గదిలో కూర్చుని మాట్లాడారా అన్నదే.

పల్లె సెట్టింగులో కనిపించని రెండో బావి

మన దగ్గర మమకారం ఎక్కువగా రాజుల చుట్టూ కన్నా పల్లె చుట్టూ తిరుగుతుంది. హెరిటేజ్ విలేజ్ పేరుతో ఎక్కడ కట్టినా అవే వస్తువులు: తాటాకు చుట్టిల్లు, ఎడ్లబండి, రోలు, రోకలి, తిరగలి, మట్టి కుండలో చోడి అంబలి, ఒక నుయ్యి. పిల్లలు రోకలి పట్టుకుని ఫొటో దిగుతారు. నాకూ అవి నచ్చుతాయి, అందులో దాచేదేం లేదు.

దీన్ని 'శ్రీకాకుళం వైపు పల్లె, 1930లు' అని కచ్చితంగా కట్టాలంటే ఏం మారాలి? ముందుగా నుయ్యి ఒకటి సరిపోదు. ఊరి నూతిలో చేద వేయనివ్వని వాళ్లు ఉండేవాళ్లు, వాళ్ల ఇళ్లు ఊరికి ఎడంగా ఉండేవి. ఆ దూరాన్ని చూపించకుండా పల్లె ప్లాను పూర్తవదు. రెండోది, ఇళ్లలో మగవాళ్లు తక్కువ. ఈ ప్రాంతం నుంచి వేలమంది కూలికోసం ఓడలెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లేవారు. అక్కడి రేవులో తెలుగు కూలీల మీద 1930లో దాడులు జరిగాయి. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చాక అడవుల వెంట నడిచి ప్రాణాలతో బయటపడినవాళ్లున్నారు, దారిలో పోయినవాళ్లున్నారు. కాబట్టి చుట్టింటి అరుగు మీద ఆ పల్లెలో నిజంగా ఉండాల్సిన దృశ్యం, రంగం నుంచి డబ్బు వస్తుందేమోనని చూసే ఆడమనిషి. ఇప్పటికీ ఈ జిల్లాల నుంచి వలసలు ఆగలేదు గనక చూడవచ్చిన వాళ్లలో చాలామందికి అది వెంటనే అర్థమవుతుంది కూడా.

తప్పెటగుళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. అది యాదవులు గంగమ్మ పండగల్లో ఆడే ఆట. పార్కులో గంటకోసారి పదిహేను నిమిషాల షోగా పెడితే అడుగులు, రేకు తప్పెట్ల మోత అన్నీ అచ్చం అవే, సందర్భం మాత్రం లేదు. కళాకారులకు ఏడాది పొడవునా పని దొరుకుతుందన్నది దాన్ని సమర్థించేవాళ్ల మాట. నెలల తరబడి ఖాళీగా ఉండే దళానికి అది చిన్న విషయం కాదు. సందర్భం పోయాక మిగిలేది కసరత్తే అన్నది ఎదుటివాళ్ల మాట. ఇక్కడ నేను కళాకారుల పక్షమే, వాళ్లకే ఏది ఎప్పుడు ఆడాలో తేల్చే వీలుంటే.

ఇక కట్టేవాళ్ల కష్టాలు. తాటాకు కప్పుకు ఫైర్ అనుమతి దొరకడం కష్టం. పేడతో అలికిన గోడ రోజూ వచ్చిపోయే జనానికి ఆగదు. చక్రాల కుర్చీకి ర్యాంపు, మరుగుదొడ్డి కావాలి. వీటి కోసం చరిత్రను కాస్త వంచక తప్పదు, దాన్నెవరూ తప్పుపట్టరు.

బొబ్బిలి: ఒక్క రోజు, రెండు ఊళ్ల కథ

ఇప్పుడు అసలు లెక్క. 1757 యుద్ధంలో ఒక వైపు బొబ్బిలి రాజా రంగారావు, మరో వైపు విజయనగరం పూసపాటి పెద విజయరామరాజు, ఆయన వెనక ఫ్రెంచి సేనాని బుస్సీ. కోట పడిపోతోందని తెలిశాక లోపలి ఆడవాళ్లనూ పిల్లలనూ తమవాళ్లే చంపుకున్నారు, ఇళ్లకు నిప్పుపెట్టారు. మగవాళ్లు పోరాడి చనిపోయారు. కొద్ది రోజుల్లోనే బొబ్బిలి మనుషులు రాత్రివేళ విజయరామరాజు డేరాలోకి దూరి ఆయన్ను పొడిచి చంపారు. ఆ పని చేసింది రాజాం నుంచి వచ్చిన తాండ్ర పాపారాయుడని కథలు చెబుతాయి. (రాజాం మొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా. ఆయన ఏ జిల్లా వీరుడన్నది కూడా ఇక తగువే.)

ఈ యుద్ధానికి వివరమైన రాత ఆధారం ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్‌ది. ఆయన అక్కడ లేడు, విన్నది కూర్చి రాశాడు. ఆయన వర్ణించిన బొబ్బిలి కోట మట్టిగోడలది, చుట్టూ అడవి. సినిమాలు, బుర్రకథలు విని వచ్చినవాళ్ల మనసులో ఉన్నది రాతి బురుజులు, ఏనుగులు తోసే తలుపులు. డిజైనర్‌కు ఇక్కడే మొదటి పరీక్ష. మట్టికోట కడితే 'ఇదేంటి, ఇంతేనా' అంటారు. రాతికోట కడితే విజయనగరం కోటకు బొబ్బిలి పేరు పెట్టినట్టవుతుంది. నన్నడిగితే మట్టికోటే కట్టాలి. ఫిరంగుల ముందు మట్టిగోడ వెనక నిలబడ్డారన్న విషయమే ఆ కథకు బలం.

రెండో పరీక్ష ఇంకా కఠినం. బొబ్బిలి వాళ్లకు ఇది పరువు కోసం ప్రాణాలిచ్చిన రోజు. విజయనగరం వాళ్లకు? ఇక్కడి ఇలవేల్పు పైడితల్లి అమ్మవారి కథ వినండి. ఆమె విజయరామరాజు చెల్లెలని, యుద్ధానికి వెళ్లొద్దని అన్నను వేడుకుందని, అన్న మరణవార్త విని పెద్దచెరువులో కలిసిపోయిందని జనం చెప్పుకుంటారు. దసరా వెళ్లిన మంగళవారం మూడులాంతర్ల దగ్గర్నుంచి కోట దాకా సిరిమాను తిరుగుతుంటే లక్షలమంది చూసేది ఆ చెల్లెలి కోసమే. బొబ్బిలిలో వీరగాథ అయిన రోజు, యాభై అరవై కిలోమీటర్ల దూరంలోని ఊళ్లో ఒక దేవత పుట్టుకకు కారణం.

ఆమె కథకు రాత ఆధారం కావాలని అడగడం అర్థం లేని పని. జనం నమ్మకం కూడా చరిత్రలో భాగమే, 1757లో ఏం జరిగిందో చెప్పే చరిత్ర కాకపోయినా ఆ తర్వాత జనం దాన్ని ఎలా మోశారో చెప్పే చరిత్ర. పార్కులో ఈ రెంటికీ వేర్వేరు గదులు ఉండొచ్చు. ఒక గదిలో ఓర్మ్ ఏం రాశాడు, ఆయనకెలా తెలిసింది అన్నది. ఇంకో గదిలో జంగాలు పాడిన కథ, అమ్మవారి కథ. మధ్య తలుపు మీద 'ఇక్కడి నుంచి జనం చెప్పుకునేది' అన్న ఒక్క బోర్డు చాలు.

ఒక పక్షం కథే చెబితే ఏమవుతుందో ఫ్రాన్స్‌లో పుయ్ ద్యు ఫూ చూపిస్తుంది. 1978లో వాందే ప్రాంతంలో వేలాది స్థానిక వాలంటీర్లతో రాత్రి ప్రదర్శనగా మొదలై పెద్ద పార్కుగా ఎదిగింది. పెట్టినవాడు ఫిలిప్ ద్ విల్యే అనే రాజకీయ నాయకుడు. ఫ్రెంచి విప్లవ కాలంలో వాందే ప్రజలు పడ్డ బాధ అక్కడ ప్రధాన కథ. ఆ బాధ నిజం, ఎదుటి పక్షం మాత్రం కనిపించదని చరిత్రకారుల ఫిర్యాదు. జనం మాత్రం ఏటా లక్షల్లో వస్తూనే ఉన్నారు.

పార్కే పాత జ్ఞాపకమైతే

ఇంకో చిక్కు పార్కు ముసలిదయ్యాక వస్తుంది. డిస్నీ పార్కుల్లో స్ప్లాష్ మౌంటెన్ అనే రైడ్ 1989లో మొదలైంది. బానిసత్వ కాలం తర్వాతి దక్షిణాదిని తీపిగా చూపించిందని విమర్శ మోసిన 1946 నాటి సినిమా దానికి ఆధారం. 2020లో మార్పు ప్రకటించి, 2024లో అదే చోట నల్లజాతి రాకుమారి టియానా కథ పెట్టారు. పాతదాన్ని కాపాడాలన్నవాళ్లలో చాలామంది ఆ సినిమా చూసినవాళ్లు కారు. వాళ్లు కాపాడాలనుకున్నది చిన్నప్పుడు నాన్నతో కలిసి ఎక్కిన రైడ్‌ను. ఆ బాధను వెక్కిరించాల్సిన పని లేదు. అయితే మొదటి రోజు నిలబెట్టిన బొమ్మే ఒక తరం తిరిగేసరికి 'అసలు' అయిపోతుందని, తర్వాత దిద్దడం ఖరీదైన పనని కట్టేముందే తెలుసుకోవాలి.

కథ ఎక్కడ ఆపాలి?

బొబ్బిలి షోను పాపారాయుడి ప్రతీకారం దగ్గర ఆపితే చప్పట్లు మోగుతాయి. కోట ప్రాంగణంలో మంటలు చల్లారిన దగ్గర ఆపితే జనం మౌనంగా బయటికి వస్తారు. చరిత్ర మాత్రం ఆ రెండు చోట్లా ఆగలేదు. విజయరామరాజు తర్వాత వచ్చిన ఆనందగజపతిరాజు ఫ్రెంచివాళ్లను వదిలి ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర ఫోర్డ్ నడిపిన కంపెనీ సైన్యం ఫ్రెంచివాళ్లను ఓడించింది, ఉత్తర సర్కారులు క్రమంగా కంపెనీ చేతిలోకి వెళ్లాయి. 1794 జులై 10న పద్మనాభం దగ్గర పూసపాటి చిన విజయరామరాజు బాకీల పేచీలో అదే కంపెనీ సైన్యం చేతిలో చనిపోయాడు.

ఈ ముప్పై ఏడేళ్లు కూడా కలిపితే బొబ్బిలి, విజయనగరం రెండూ ఓడిన కథ అవుతుంది. అది చూపించడానికి ఇంకో పది నిమిషాల షో, ఇంకో మట్టిదిబ్బ సెట్, ఫ్రెంచి ఇంగ్లీషు వేషాలకు మరికొందరు నటులు కావాలి. ఆ పది నిమిషాల ఖర్చును ప్లానులో మొదటే రాసుకోవాలా, మిగిలితే చూద్దామనుకోవాలా అన్నది ఆర్కిటెక్ట్ ఒక్కడు తేల్చేది కాదు. బొబ్బిలి వాళ్లు, విజయనగరం వాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే తప్ప తేలదు.